ఖాళీ ఆటో

కర్నూలులో వీడియో గేముల కొట్టు నడిపే వేణుగోపాల్, అందరికంటే ముందుండాలని కొత్త కంపెనీ మిషన్లు నాలుగు తెచ్చాడు. వాటికున్న ఆటలు మూడే. ఆర్నెల్లలో గోడమీది బల్లి కూడా మూడూ గెలిచేసింది. కొత్త ఆట వస్తేనే కొట్టు నిలిచేది. హైదరాబాదులో ఆటలు తయారుచేసే నాగరాజ్‌కు ఫోన్ చేశాడు.

"ఈ మిషన్‌కు ఒక ఆట చెయ్యప్పా."

"దాన్ని కొన్నోళ్లు యాడుండారన్నా?"

"ఆటలుంటే కదప్పా కొనేది!"

"కొనేటోళ్లుంటే కదన్నా చేసేది!"

వేణుగోపాల్ ఫోన్ పెట్టేసి, ఉసూరుమంటూ కల్లూరు పోయే ఖాళీ షేర్ ఆటో ఎక్కాడు. నిండితేగాని అది కదలదు. వచ్చినవాళ్లంతా తొంగిచూసి, ముందున్న, నిండుతున్న ఆటోలోకి పోతున్నారు.

"నువ్వన్నా కూచోన్నా, నిన్ను జూసి ఎక్కుతారు," అన్నాడు డ్రైవర్ సోమన్న.

వేణుగోపాల్ చాలాసేపు కూర్చున్నాడు. చివరికి దిగి, ముందు ఆటోలో ఇరుక్కుంటూ, "నాగరాజ్ తప్పేం లేదప్పా," అన్నాడు.

"వాడెవడన్నా?" అన్నాడు సోమన్న.