గొర్రెల్లో పడ్డ కుక్కలు

మొన్నొక పొద్దున మా క్రెయిగీబర్న్ ఇంటి ముందు గదిలో కాఫీ తాగుతూ కూర్చుని ఉండగా పక్కింటి తెలుగమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, డోర్ తియ్యకండి. మీ డ్రైవ్‌వేలో పెద్ద కుక్క పడుకుని ఉంది, ఎవరిదో తెలీదు. కౌన్సిల్‌కి కాల్ చేశాను, వస్తున్నామన్నారు" అంది. సోఫాలో పడుకున్న మా మనవడు తల కూడా ఎత్తకుండా, "డోంట్ స్ట్రెస్ అమ్మమ్మా, దానికి చిప్ ఉంటుంది" అన్నాడు వాడి ఇంగ్లీషులో. వాడన్నట్టే అయింది. కౌన్సిల్ అంటే ఇక్కడి మునిసిపాలిటీ. ఆ మనిషి వచ్చి కుక్క మెడ దగ్గర, చర్మం కింద ఉండే చిప్‌ను చదివే చిన్న యంత్రం పెట్టాడు, అది కుయ్‌మంది, యజమాని ఎవరో తెలిసిపోయింది, కుక్క వ్యానెక్కి వెళ్ళిపోయింది. అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నేను మాత్రం చల్లారిన కాఫీ చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. మోకాళ్ళ నొప్పి ఒక కారణం. రెండోది, నా చదువు రోజుల్లో ఒక కుక్క మూలంగా ఇద్దరు మంచి మనుషులు ఎంత నలిగిపోయారో గుర్తుకు రావడం.

నేను తెనాలి నుంచి ఈ దేశం వచ్చిన కొత్తల్లో సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. సిడ్నీకి పడమట కొండలు దాటాక ఉండే ఒక చిన్న ఊరి యూనివర్సిటీలో వ్యవసాయం చదివేదాన్ని. గొర్రెలు మేసే గడ్డి మీద నా పరిశోధన. అందుకోసం ఒక చలికాలమంతా ఏదైనా పొలంలోనే ఉండాల్సి వస్తే, మా ప్రొఫెసరు తనకు తెలిసిన ఒక రైతు దంపతుల ఇంట్లో గది మాట్లాడిపెట్టారు. యూనిలో నాతో ఉండే నెల్లూరు అక్క, "ఒక్కదానివే ఆ గొర్రెల మధ్య ఏం చేస్తావే, పిచ్చెక్కుద్ది" అని బెంగపడి, ఆవకాయ సీసా ఒకటి సంచిలో పెట్టి పంపింది. ఆ సీసా ఆ ఇంటి ఫ్రిజ్‌లో పెట్టిన మర్నాడు పాలకు కూడా ఆవపిండి వాసన వచ్చిందని ఆ ఇంటావిడ పగలబడి నవ్వడం నాకిప్పటికీ గుర్తు. ఆవిడను మనవాళ్ళ అలవాటుకొద్దీ ఆంటీ అనేదాన్ని. వాళ్ళాయనను అంకుల్ అంటే మొదట్లో సిగ్గుపడిపోయేవాడు కనుక, నా మనసులో ఆయన పెద్దాయనగానే ఉండిపోయాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, టోపీ తీస్తే నుదురు పైభాగం తెల్లగా, కింది భాగం ఎర్రగా రెండు రంగుల్లో కనిపించేది. వాళ్ళు ఇంగ్లీషులో అన్న మాటలను ఇక్కడ నా తెలుగులో చెబుతున్నాను.

మా తెనాలిలో కుక్క వీధిది. ఏ ఇంట్లో మిగిలిన అన్నం ఆ ఇంట్లో తిని, ఎవరి అరుగు మీద నీడ ఉంటే అక్కడ పడుకుని, వీధిలోకి కొత్త మనిషి వస్తే మొరిగి తన పని తాను చేసుకుపోయేది. అది ఎవరిదని ఎవరూ అడగరు. ఇక్కడ అలా కాదని నాకు ఆ పొలంలో తెలిసింది. నేను వెళ్ళిన కొత్తల్లోనే, ఊళ్ళోవాళ్ళెవరో పెంచలేక కారులో తెచ్చి రోడ్డు పక్కన వదిలేసిన ఎర్ర కుక్కపిల్ల ఒకటి కంచె వెంబడి తిరుగుతూ కనిపించింది. పెద్దాయన దాన్ని పట్టి షెడ్డులో కట్టేసి నీళ్ళు పెట్టి, చుట్టుపక్కల పొలాలన్నిటికీ ఫోన్లు చేసి, ఎవరిదీ కాదని తేలాక కౌన్సిల్ మనిషికి అప్పగించాడు. అప్పుడు నాకు ఓపిగ్గా వివరించాడు. దారిన పోయే కుక్కను తుపాకీతో కొట్టకూడదు, పట్టుకోవాలి, ముందు మెడ చూడాలి, పట్టీ ఉంటే దాని వెనక ఒక మనిషి ఉన్నట్టు. అదే కుక్క గొర్రెల మీద పడితే, అరిచి అదిలించినా వదలకపోతే, అప్పుడు కొట్టడానికి రైతుకు చట్టం హక్కు ఇచ్చింది. "హక్కుంది కదా అని సంబరపడేవాడి చేతిలో తుపాకీ ఉండకూడదమ్మాయీ" అని ముగించాడు.

ఆ పొలానికి ఆనుకుని ఉన్న పొలం ఒక వేటగాడిది. వేట అంటే ఆ ప్రాంతంలో సరదా మాత్రమే కాదు. అడవిపందులు పంటలు తవ్విపోస్తాయి, నక్కలు పుట్టిన గొర్రెపిల్లలను పుట్టినట్టే ఎత్తుకుపోతాయి. అందుకని గొర్రెలు ఈనే కాలానికి ముందు పెద్దాయనే ఆయన్ను పిలిచి నక్కలను కొట్టించేవాడు. పందుల కోసం ఆయన దగ్గర రెండు పెద్ద కుక్కలుండేవి. ఒకటి గోధుమ రంగు మగకుక్క, రెండోది దాని కూతురు, ఒళ్ళంతా పులిచారలు. ఆ ఇద్దరు మగవాళ్ళూ చిన్నప్పుడు ఒకే స్కూలు బస్సులో వెళ్ళినవాళ్ళు. ఆదివారం చర్చి అయ్యాక వేటగాడు మా వంటింట్లోకి వచ్చి, ఆంటీ చేసిన కేకు తింటూ, నా మాట యాసను ఆటపట్టిస్తూ గంటలకొద్దీ కూర్చునేవాడు. ఒక వరద ఏడాది పెద్దాయన గొర్రెలను నడుంలోతు నీళ్ళలో దాటించింది ఆయనేనని ఆంటీ చెప్పేది.

గొర్రెలు ఈనుతున్న రోజులవి. ఒక ఉదయం మంచుకు గడ్డి తెల్లగా బిరుసెక్కి ఉంది. గడ్డి కొలతలకు నేనూ పెద్దాయన యూట్‌లో బయలుదేరాం. యూట్ అంటే వెనక తొట్టి ఉండే ఇక్కడి చిన్న బండి. దూరంనుంచే ఏదో తేడాగా అనిపించింది. గొర్రెలన్నీ కంచె మూలకు తోసుకుపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. గడ్డిలో అక్కడక్కడ తెల్లగా పడి ఉన్నవి మంచుగడ్డలు కావు, గొర్రెపిల్లలు. వాటి మధ్య రెండు కుక్కలు. పెద్దాయన హారన్ కొట్టాడు, అరిచాడు, యూట్‌ను నేరుగా వాటి మీదికి పోనిచ్చాడు. చారల కుక్క వాగు వైపు పొదల్లోకి పారిపోయింది. రెండోది మాత్రం ఒక తల్లిగొర్రె గొంతు పట్టుకుని వదల్లేదు. పెద్దాయన దిగి, తుపాకీ ఎత్తి, నాతో చెవులు మూసుకోమన్నాడు.

దగ్గరకు వెళ్ళి కుక్కను తిప్పి చూసేదాకా అదెవరిదో ఆయనకు తెలియదనుకుంటాను, లేదా తెలిసీ కళ్ళు నమ్మలేదేమో. వెడల్పాటి తోలు పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద ఫోన్ నంబరు. ఆ నంబరును ఆయన చదవలేదు. చదవాల్సిన అవసరం లేని నంబరది. యూట్ తొట్టి అంచు మీద కూలబడి చాలాసేపు చేతులకేసి చూసుకున్నాడు. గొంతు చిరిగిన తల్లిగొర్రెను కూడా కాల్చాల్సి వచ్చింది. ఆ ఉదయం ఎవరూ గెలవలేదు.

ఇంటికి వచ్చాక ఆంటీ అన్న మాట విని నేను నిర్ఘాంతపోయాను, ఎందుకంటే ఆవిడ చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. "వాగు ఒడ్డున పూడ్చెయ్యి. అందరూ చేసేది అదే. ఒక్క కుక్క కోసం ఇన్నేళ్ళ స్నేహం పోగొట్టుకుంటావా?" అంది. నిజంగానే ఆ ప్రాంతంలో చాలామంది చేసేది అదేనట. కాల్చి, పూడ్చి, నోరు మూసుకోవడం. పెద్దాయన బూట్లు విప్పలేదు, లోపలికి కూడా రాలేదు. గుమ్మంలో నిలబడే, "చెప్పకపోతే వాడు దానికోసం వెతుకుతూనే ఉంటాడు కదా" అన్నాడు. కాసేపటికి ఆంటీ ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి ఇచ్చింది, కుక్క మీద కప్పడానికి.

నన్ను రమ్మని ఆయన అడగలేదు, వద్దనీ అనలేదు. నేనే ఎక్కి కూర్చున్నాను. వేటగాడు పెరట్లో ట్రైలర్ చక్రం బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ లేచినవాడు, పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకోవడం చూసి ఆగిపోయాడు. తర్వాత తొట్టిలో దుప్పటి చూశాడు.

"గొర్రెల్లోనా?" అని అడిగాడు.

"గొర్రెల్లోనే. వదిలిస్తే వదల్లేదు. నేనే కొట్టాను."

వేటగాడు దుప్పటితో సహా కుక్కను రెండు చేతులతో ఎత్తుకుని, షెడ్డు నీడలో పడుకోబెట్టి, వీపు మాకు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. తర్వాత అటు తిరిగే, ముందురోజు పంది వెనక పడి రెండూ తప్పిపోయాయని, పగలంతా ఈలలు వేస్తూ తిరిగానని చెప్పాడు. పెద్దాయన, "నాకొక్క ఫోన్ చేసి ఉంటే గొర్రెల్ని ఇంటి దగ్గరి కంచెలోకి తోలుకునేవాణ్ణి" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా అన్నాడు. "చెబితే ఇక నీ పొలంలోకి కుక్కల్ని రానివ్వవనుకున్నా. సాయంత్రానికి దొరుకుతాయిలే అనుకున్నా" అన్నాడాయన. నిజానికి చెప్పుకోవాల్సిందంతా అందులోనే ఉంది. వేటకు తెచ్చుకున్న కుక్క తప్పిపోతే ఆ క్షణమే చుట్టుపక్కల రైతులకు చెప్పాలి. చెప్పి ఉంటే ఆ గొర్రెపిల్లలూ బతికేవి, ఆ కుక్కా బతికేది.

ఇక చారల కుక్క మిగిలింది. అది ఇంకే పొలంలోనైనా కనబడితే మాట్లాడకుండా కాల్చేస్తారు. అందుకని ఆ మధ్యాహ్నం నేనూ ఆంటీ కలిసి చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేశాం. చారల కుక్క, మెడకు పట్టీ ఉంది, గొర్రెల్ని దగ్గరగా పెట్టుకోండి, కుక్క కనబడితే పట్టండి లేదా మాకు చెప్పండి అని. నా తెనాలి ఇంగ్లీషు అర్థంకాక ఒకాయన నేనేదో అమ్మజూపుతున్నాననుకుని వద్దమ్మా అని పెట్టేస్తే, ఆంటీ ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వి మళ్ళీ తనే చేసింది. వేటగాడు మాత్రం కుక్కలు తప్పిపోయిన చోట, వాగు పక్కన, తన పాత కోటు విప్పి నేల మీద పరిచి, పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టి వచ్చాడు. తప్పిపోయిన వేటకుక్క తన మనిషి వాసనను వెతుక్కుంటూ అక్కడికే వస్తుందట.

మర్నాడు ఉదయం మేం ముగ్గురం వెళ్ళేసరికి అది ఆ కోటు మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఆయన్ను చూసి లేవలేదు, తోక మాత్రం నేలకేసి కొట్టింది. పెద్దాయన తుపాకీ యూట్‌లోనే వదిలేసి దూరంగా నిలబడ్డాడు. వేటగాడు దాన్ని నిమిరి, దవడలు తెరిచి పళ్ళ సందుల్లోకి చూశాడు. ఆయన ఏమీ కనబడలేదని చెప్పి ఉంటే మేమిద్దరం నమ్మేవాళ్ళం, దగ్గరికి వెళ్ళి చూసేవాళ్ళం కూడా కాదు. ఆయన తలెత్తి, "ఉన్ని ఉంది" అన్నాడు.

"తండ్రి వెంట ఊరికే పరిగెత్తిందో, అదే చంపిందో మనకు తెలీదు. తీసుకుపోయి కట్టేసి ఉంచుకో. నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు పెద్దాయన.

"నాకుంది" అన్నాడు వేటగాడు. "కట్టు తెంచుకున్న రోజు మళ్ళీ నువ్వే కొట్టాల్సి వస్తుంది. ఆ పని నీ చేత రెండోసారి చేయించను." ఆ మధ్యాహ్నమే ఊళ్ళోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, దాని తల తన ఒళ్ళో పెట్టుకుని, నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది వేయించాడట. ఆంటీకి డాక్టరు భార్య చెప్పింది.

ఇద్దరూ సరిగ్గానే నడుచుకున్నారు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ ఎవరినీ నిందించలేదు. అయినా ఆదివారాలు ఆంటీ కేకు కోసి ఒక ముక్క విడిగా పెట్టేది, వేటగాడు మాత్రం రాలేదు. చర్చిలో కలిస్తే వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు. రోడ్డు మీద ఎదురైతే స్టీరింగు మీంచి ఒక వేలు లేపి పలకరించుకునేవాళ్ళు. ఆయన మళ్ళీ కుక్కల్ని పెంచలేదు. నక్కల వేటకు పెద్దాయన మళ్ళీ మళ్ళీ పిలిచినా, నడుం నొప్పనేవాడు. మరుసటి చలికాలం నేను మిగిలిన కొలతల కోసం వెళ్ళినప్పుడు నక్కలు చాలా గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. పెద్దాయన లెక్క చూసుకోలేదు. సరైన పని చేస్తే మనసు తేలికపడుతుందని మావాళ్ళు నాకు చిన్నప్పటినుంచీ చెప్పారు. ఒక్కోసారి సరైన పని చేశాక కూడా బరువు అలాగే ఉండిపోతుందని, దాన్ని మోసుకుంటూనే మర్నాడు లేచి గొర్రెలకు మేత వెయ్యాలని ఆ ఇంట్లో తెలిసింది.

ఇప్పుడా ప్రాంతంలో వేటకుక్కల మెడలకు ఎక్కడున్నాయో ఫోన్‌లో చూపించే పట్టీలు ఉంటున్నాయట. మంచిదే. పొలాలు చాలావరకు కంపెనీల చేతుల్లోకి పోయాయి. కంచెలకు కెమెరాలున్నాయి, యజమానులు ఎక్కడో నగరాల్లో ఉంటారు. ఏదైనా జరిగితే వీడియో తీసి ఊరి గ్రూపులో పెడతారు, దాని కింద ముక్కూమొహం తెలియనివాళ్ళు తిట్టుకుంటారు. పెద్దాయన పోయినప్పుడు ఆంటీయే నాకు ఫోన్ చేసి చెప్పింది, చెబుతూ నన్నే ఓదార్చింది. ఆంటీ పోయిన సంగతి మాత్రం నాకు పోయినేడాది ఎవరో పంపిన ఫొటో కింద రెండు ముక్కల్లో తెలిసింది, అప్పటికి అంత్యక్రియలు అయిపోయి చాలా రోజులైంది. ఆ ఫొటో చూసి, ఎవరికి ఫోన్ చేసి పలకరించాలో తెలియక, చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన ఉండి ఉంటే, ఎంత దూరమైనా యూట్ నడుపుకుంటూ వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, మా గుమ్మంలో నిలబడి చెప్పేవాడు.