టేపు రెండో వైపు

చనిపోయిన మా అక్క గొంతును తుడిచేసింది నేనే. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ముసలితనం రావలసి వచ్చింది. ఇన్నేళ్లూ అది మింగుడుపడని ముద్దలా లోపలే ఉండిపోయింది. తిన్నాను, తిరిగాను, నలుగురిలో నవ్వాను, ప్రతి ఆదివారం చర్చిలో అందరితో పాటు తల వంచాను. అది మాత్రం దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లయితే మధ్యలోనే అడ్డుపడి, చిన్నతనం, పోనీలే అంటారు. ఆ మాట నాకు వద్దు. చివరిదాకా వినండి, అది చాలు.

మాది జహీరాబాద్. అరవైల మొదట్లో సంగతి. బొంబాయి పోయే లారీలు మా వీధి చివరి నుంచే పోయేవి. చెరకు బండ్లు వాటికి దారి ఇవ్వక సతాయించేవి. మా కరుణక్క ఆ వీధిలోనే కాపురం ఉండేది. బావ సడక్ పనుల మీద మేస్త్రీ. కంకర పరిచే చోటే గుడారం వేసుకుని, ఒకసారి కోహీర్ వైపు, ఒకసారి రాయికోడ్ వైపు, వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. వాళ్లకు ఒక్కతే కూతురు, విమల. మాటలు వచ్చీ రాని వయసులో మశూచి వచ్చి పాపకు చూపు పోయింది.

అక్క పాపకు పుస్తకాలు చదివి వినిపించేది. అన్నిటిలోకీ వాళ్లిద్దరికీ ప్రాణం ఒక పిల్లల నవల. అందులో మల్లి అనే దర్జీ కూతురు ఉంటుంది. వాళ్ల ఊరికి వానలు రావు. మల్లి తన తండ్రి సూదీ దారం తీసుకుని కొండెక్కి, చిరిగిన మబ్బు ముక్కలను ఒకదానికొకటి కుట్టి పడవ చేసుకుంటుంది. ఆ పడవలో గాలిరేవు దాటి, నీడలు అమ్మే సంత దాటి, నక్షత్రాలు పడుకునే పల్లె దాటి, వానలన్నిటినీ పెట్టెలో పెట్టి తాళం వేసుకున్న ముసలి రాక్షసి ఇంటికి పోతుంది. అక్క చదువుతుంటే వంటింటి పొగ కూడా నాకు మబ్బులాగే కనిపించేది. పాపకు ఏం కనిపించేదో! ముఖం పైకెత్తి, పెదవులు కొంచెం తెరిచి, అటూ ఇటూ ఊగేది, పడవలో ఉన్నట్టే.

తర్వాత అక్కకు ఛాతీ జబ్బు పట్టింది. దవాఖానలో ఒక మూల గదిలో విడిగా ఉంచారు. పాపను దగ్గరికి రానివ్వలేదు. పాప గేటు బయట నిలబడి గాలిని వాసన చూసేది. అది చూడలేక ఒక నర్సమ్మ ఉపాయం చెప్పింది. ఆమె దగ్గర చర్చి పాటలు పట్టుకునే టేపు రికార్డరు ఉంది. చిన్న ట్రంకు పెట్టెంత ఉంటుంది. మూత తీస్తే రెండు చక్రాలు, మధ్యలో గోధుమరంగు రిబ్బను లాంటి టేపు. ఒంట్లో కొంచెం బాగున్నప్పుడల్లా అక్క వరండాలో కూర్చుని దాని ముందు మల్లి కథ చదివింది. టేపు రెండు వైపులా సరిపోయేటట్టు కథను తనే కుదించుకుంది. మధ్యలో దగ్గు వచ్చేది. దాన్ని దాచలేక, దగ్గు తెరలు తగ్గగానే, "అగో, మబ్బు ఉరిమింది బిడ్డా!" అనేది. మిషనును ఇంటికి తెచ్చి ఆ టేపు వినిపిస్తే, ఆ చోటు రాగానే పాప చప్పట్లు కొట్టి నవ్వేది. నేను ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని.

ఆ వానాకాలం దాటలేదు అక్క.

నర్సమ్మ మంచిది. మిషను కొన్నాళ్లు పాప దగ్గరే ఉండనిమ్మంది. అక్కకు జబ్బు చేసినప్పటి నుంచీ ఆ ఇంట్లో వండిపెట్టింది నేనే. సంవత్సరం తిరిగాక పెద్దవాళ్లు కూర్చుని, పాపకు తల్లి కావాలన్నారు, బయటిపిల్ల ఎట్లా చూస్తుందోనన్నారు, నన్ను బావకిచ్చి పెళ్లి చేశారు. ఇష్టమేనా అని నన్నెవరూ అడగలేదు. కానీ ఇక్కడ నిజం చెప్పాలి. నాకు ఇష్టమే. అక్క బతికుండగా కూడా, బావ పని నుంచి వచ్చి చెప్పులు విడిచే చప్పుడు వింటే నాకు లోపల ఏదో కదిలేది. దాన్ని అప్పుడు పాపం అనుకోలేదు. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియదు.

పెళ్లయితే అయింది, ఆ ఇంట్లో నా చోటు మాత్రం నాకు దొరకలేదు. పాప నన్ను చిన్నమ్మా అనే పిలిచేది. అమ్మా అని పిలవమని పక్కింటి గంగవ్వ నేర్పబోతే, "అమ్మ పెట్టెల ఉన్నది కద" అంది. కోపంగా కాదు. తెలియనివాళ్లకు తెలియజెప్పినట్టు అంది. వేళ్లతో తడుముకుంటూ టేపు తనే ఎక్కించేది, తనే తిప్పేది. నేనూ పుస్తకం తీసి చదివి చూశాను. రెండు పేజీలు ఓర్చుకుని విని, "నీ మల్లికి భయమైతలేదు చిన్నమ్మా" అంది. నిజమే. నా గొంతులో మల్లికి దేనికీ భయం వేసేది కాదు.

పాపనైనా భరించాను. బావ విషయమే భరించలేకపోయాను. ఒకసారి చాలా రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు. మామిడికాయ పప్పు చేశాను. నెయ్యి కాచాను. ఆయన కాళ్లు కడుక్కుని, తుడుచుకోకుండానే పోయి పాప పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఆ పెట్టె ముందు. అక్క గొంతు ఇల్లంతా నిండింది. గాలిరేవు వచ్చింది, సంత వచ్చింది, మబ్బు ఉరిమింది. ఆ ఉరుముకు బావ భుజాలు వణికాయి. పళ్లెంలో అన్నం చల్లారిపోయింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ ముగ్గురూ పడవలో ఉన్నారు. నేను ఒడ్డున ఉన్నాను. ఒక్కరైనా వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు బావ పనికి పోయాడు. మధ్యాహ్నం పాపకు జడ వేస్తానని గంగవ్వ వాళ్లింటికి తీసుకుపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. మిషను మూత తీశాను. టేపు రెండో వైపు ఎక్కించాను. నర్సమ్మ పాటలు పట్టేటప్పుడు ఎలా చేసేదో చూసినదాన్నే. ఎర్ర మీట, పక్క మీట కలిపి నొక్కాలి. అలా నొక్కితే టేపు మీదున్న పాతది తుడిచిపెట్టుకుపోతుంది.

నొక్కాను.

చక్రాలు తిరగసాగాయి. ఎంత మెత్తగా తిరిగాయని! ఎవరూ అరవలేదు, ఏదీ పగలలేదు. నేను నిద్రలో నడిచినట్టు పొయ్యి దగ్గరికి పోయి, జొన్నపిండి కలిపి రొట్టెలు తట్టడం మొదలుపెట్టాను. ఆపవచ్చు. లేచి పోతే ఆపవచ్చు. అది నాకు తెలుస్తూనే ఉంది. తెలుస్తుండగానే ఇంకో ముద్ద తీసుకున్నాను. ఇప్పుడు నక్షత్రాల పల్లె పోయి ఉంటుంది అనుకున్నాను. ఇప్పుడు రాక్షసి గడప. ఇప్పుడు పెట్టె తాళం. ఇప్పుడు మల్లి ఊరి మీద పడే మొదటి చినుకు. ఒక్కొక్కటీ నా చేతి కింద రొట్టెలా పలచబడి పోతున్నట్టుంది. కిటికీలోంచి ఎండ చక్రాల మీద పడి, గోడ మీద రెండు వెలుగు మచ్చలు తిరుగుతున్నాయి. అందంగా ఉన్నాయి. ఆ అందం నాకు ఇప్పటికీ గుర్తుంది. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

టేపు అయిపోయి, దాని కొస టపటపా కొట్టుకుంది. అప్పుడు మెలకువ వచ్చినట్టయింది. మొదటి వైపు జోలికి పోలేదు. ధైర్యం చాలలేదు. జాలితో వదిలానని మాత్రం అనుకోకండి.

ఒక సంగతి నాకు తట్టనే లేదు. మైకు పెట్టె పక్కనే ఉంది. అది ఇంటి చప్పుళ్లన్నీ పట్టింది.

పొద్దు వాలేవేళ పాప వచ్చి, ఎప్పటిలాగే మొదటి వైపు విని, టేపు తిప్పింది. నేను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. పెట్టెలోంచి పిచ్చుకల అరుపులు వచ్చాయి. గాజులు. రొట్టె తట్టే చప్పుడు. దూరంగా లారీ. పాప చెవిని పెట్టెకు ఆనించింది. చాలాసేపు కదలలేదు.

"చిన్నమ్మా, అమ్మ మాట్లాడ్తలేదేంది?"

నేను ఆరిన చేతులనే ఇంకా తుడుచుకుంటున్నాను.

"ఉన్నది గని మాట్లాడ్తలేదు. రొట్టెలు చేస్తున్నది. ఇగో, ఇను."

అప్పుడు చెప్పవలసింది. అది నేను బిడ్డా, అమ్మ కాదు అనవలసింది. దానికి బదులు నా నోటి నుంచి ఎంత తియ్యగా వచ్చిందో ఆ మాట.

"అలసిపోయింది బిడ్డా. రోజూ చదివిపిస్తివి కద. జర ఆరాం చెయ్యనియ్యి."

"మల్ల ఎప్పుడు మాట్లాడ్తది?"

"ఆరాం అయినంక."

పాప మెల్లగా మీట తిప్పి మిషను ఆపేసింది.

"అయితే మొదటి దిక్కు గూడ పెట్టను. పాపం, దమ్మొస్తది అమ్మకు."

పెట్టలేదు. ఆ పిల్ల మాటంటే మాటే. అప్పుడప్పుడు వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి, జ్వరం ఉందేమో చూసినట్టు చూసి పోయేది. తల్లికి నిద్రాభంగం కాకూడదని ఆ గదిలో అడుగులు తేలిగ్గా వేసేది. నేను చూస్తూ ఉన్నాను. ఏ పూటైనా చెప్పవచ్చు. చెప్పలేదు. కొన్నాళ్లకు నర్సమ్మకు వేరే ఊరికి బదిలీ అయింది. మిషను ఆమెతో పోయింది. టేపు చక్రం ఒక్కటీ రేకు డబ్బాలో మిగిలింది. అంటే, అక్క గొంతు ఇంకా సగం బతికి ఉన్నప్పుడు, వినగలిగినన్నాళ్లూ, ఆ పిల్ల వినలేదు. నా అబద్ధాన్ని నమ్మి, తల్లి మీద దయతో వినలేదు. తుడవడం పెద్ద తప్పా, ఇది పెద్ద తప్పా? తుడిచినప్పుడు నాకు ఒళ్లు తెలియలేదని చెప్పుకోవచ్చు. దీనికి ఏం చెప్పుకోను? ఒళ్లు తెలిసే, ప్రతిరోజూ, కొత్తగా చేశాను దీన్ని.

బావకు మిషను చెడిపోయిందని చెప్పాను. ఆ రోజు నుంచి పళ్లెం ముందు కూర్చుని తినేవాడు. నేను కోరుకున్నది అదే కదా. తినేటప్పుడు ఆయన ముఖం చూడాలనిపించేది కాదు.

పాప పెద్దదైంది. హైదరాబాదులో చూపులేని పిల్లల బడిలో చేర్చాము. వెళ్లే రోజు బస్టాండులో గంగవ్వ ఏడ్చింది, బావ ట్రంకు పైన వేయించాడు. పాప బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి నా చెంప వెతుక్కుని, "పోయొస్త అమ్మా" అంది. మొదటిసారి. ఆ మాట కోసమే కదా నేను అంత పని చేసింది. పోయిరా బిడ్డా అని నేను అనేలోపే బస్సు కదిలింది. ట్రంకులో ఆ రేకు డబ్బా కూడా ఉందని తర్వాత తెలిసింది.

వేసవి సెలవులకు వచ్చింది. నేను రొట్టెలు చేస్తున్నాను. వంటింటి గడప మీద వచ్చి కూర్చుంది. మాట్లాడకుండా నా చేతి చప్పుడు వింటూ ఉంది. ఎంతసేపు విందో.

"మా బడిల టేపు మిషన్ ఉన్నది. మొదటి దిక్కు మంచిగున్నది. అమ్మ ఉరుముతది గూడ."

"అవునా బిడ్డా."

"రెండో దిక్కు నువ్వున్నవ్. రొట్టె తట్టేది నువ్వే."

ఆగింది. నా కోసం ఆగింది. తలుపు తెరిచి పెట్టి పక్కకు జరిగినట్టు, నాకు ఖాళీ ఇచ్చింది. ఆ ఖాళీలోకి నేను ఒక్క అడుగు వేసి ఉంటే! పెనం మీద రొట్టె మాడుతోంది.

"మిషన్ ఖరాబయ్యుంటది బిడ్డా. ఒక్కోపారి అట్లయితది."

"అయ్యుంటది," అంది. లేచి నిలబడింది. "అయ్యుంటది, చిన్నమ్మా."

మళ్లీ ఏనాడూ అమ్మా అనలేదు. కోప్పడలేదు, అలగలేదు. ఆమెకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నాకు జ్వరమొస్తే వచ్చి తల దగ్గర కూర్చుంటుంది. నా మీద ప్రేమ లేదని చెప్పలేను. పోయిన సగం కథ నాకు నోటికి వచ్చు. ఎప్పుడైనా అడుగుతుందేమో, చెబుదామని ఎదురుచూశాను. అడగలేదు. బావ ఏమీ తెలియకుండానే పోయాడు. తెలియకుండా పోయాడనే నా నమ్మకం.

ఆమెను క్షమించమని అడిగే ఉద్దేశం నాకు లేదు. అడిగితే క్షమిస్తుంది, అది నాకు తెలుసు. అందుకే అడగలేను. కానీ ఆ గడప మీద ఆమె ఇచ్చిన ఖాళీ ఇంకా అలాగే ఉంది. అందులో నేను అనవలసిన మాట ఒకటి ఉంది. ఇప్పుడే, ఈ కుర్చీలో కూర్చుని, ఎవరూ లేని ఇంట్లో దాన్ని పైకి అన్నాను. ఊపిరి కొంచెం లోతుగా అందింది. అంతకు మించి ఏమీ జరగలేదు. ఆ మాట ఇది:

మిషన్ ఖరాబు కాలేదు బిడ్డా. మంచిగనే ఉండె. నేనే చేసిన, కావాల్నని చేసిన.