ఒక్క ఫోను, ఇరవై మూడు ఇళ్ళు

2020 సెప్టెంబరులో నన్ను నర్సీపట్నంలో డేటా వెరిఫయర్‌గా వేశారు. వేసింది ఒక స్వచ్ఛంద సంస్థ. ఆఫీసు మందుల షాపు మేడ మీద రెండు గదులు. ప్రాజెక్టు ముగిసి నేను రిటైరయ్యేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. సన్మానం, శాలువా ఏమీ లేవు; తాళాలిచ్చి మెట్లు దిగాను, అంతే. ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతున్నాను. అక్కడికొచ్చే ఇద్దరు ముగ్గురు ఆ ఉద్యోగంలో అసలేం చేసేవాడివని అడుగుతుంటారు కనక ఇది రాస్తున్నాను.

పేదరికం పోవాలి, ఆకలి తీరాలి, అందరికీ చదువు అందాలి, అసమానతలు తగ్గాలి అని ప్రపంచ దేశాలన్నీ కలిసి 2030కి గడువు పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాలున్నాయి. కరోనా దెబ్బకి గొలుగొండ, రోలుగుంట, రావికమతం వైపు పేటల్లో అవి ఎక్కడిదాకా వచ్చి ఆగాయో తేల్చడం మా పని. ఊళ్ళకి వెళ్ళకూడదు కాబట్టి సర్వే అంతా ఫోన్లోనే. ఎన్యూమరేటర్లు ఇళ్ళలో కూర్చుని ఫోన్లు చేసి, ఫారాలు నింపి, బస్సులో పార్శిల్ వేసేవారు. వాళ్ళ పైన నేను. నా పైన సూపర్‌వైజర్ పద్మావతి గారు. ఆవిడ పైన ఫ్యాను.

ఫారాలు కంప్యూటరెక్కాక ప్రతి పేటకీ మార్కులు పడతాయి. అడుగున ఉన్న పేటల్లో, బళ్ళు తెరిచేదాకా సంస్థ ఒక టీచర్ని పెట్టి పాఠాలు చెప్పిస్తుంది. అంటే మా దగ్గర ఫెయిలైన పేటకే బడి వస్తుంది.

నా ముఖ్యమైన పని డూప్లికేట్లు తీసేయడం. ఒకే ఇంటి వివరాలు రెండుసార్లు ఎక్కితే ఫోన్ నంబరు చూసి రెండోది చెరిపేయాలి. ఈ విద్యలో నాకు మంచి స్పీడు. రోలుగుంట దాటాక ఉన్న ఒక పేటలో ఒకే నంబరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే, ఎన్యూమరేటర్ నిద్రమత్తులో ఒకే ఇంటి ఫారం మళ్ళీ మళ్ళీ నింపాడనుకుని మొదటిది ఉంచి మిగతావన్నీ లేపేశాను. తర్వాత ఆ పేట ఫలితం చూస్తే కళ్ళు చెదిరాయి. టీవీ ఉంది, ఫ్రిజ్ ఉంది, పిల్లలకి ఆన్‌లైన్ క్లాసు ఉంది. అసమానత సున్నా. గడువుకి పదేళ్ళ ముందే లక్ష్యాలన్నీ కొట్టేసిన పేట మన దగ్గరే ఉందండీ అని పద్మావతి గారికి గర్వంగా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వెరిఫికేషన్ కాల్ చేశావా అని మాత్రం అడిగారు.

టీచర్ని పెట్టాల్సిన పేటల లిస్టు హెడ్డాఫీసుకి వెళ్ళే ముందు పేటకో ఇంటికి మళ్ళీ ఫోన్ చేసి సరిచూసుకోవాలని రూలు. లిస్టు ఆ శుక్రవారం సాయంత్రం ఐదుకి వెళ్ళాలి. నేను ఫోన్ చేసింది మధ్యాహ్నం రెండున్నరకి.

ఎత్తినాయన పేరు సత్తిబాబు. ఆ పేటలో చిన్న కిరాణా కొట్టు ఆయనది. నేను నమస్కారం పెట్టేలోపే, "ఎవులింటికి కావాల బాబూ? బేగి సెప్పు, పిలుస్తాను. కొట్టుకాడ బేరం ఉన్నాది" అన్నాడు.

ఎవరింటికి కావాలేంటండీ, ఇది మీ నంబరే కదా అన్నాను.

"నాదే. పేటందరిదీని. ఇక్కడ సిగ్నల్ తగిలే సెల్లు ఇదొక్కటే. మొన్న మీవోళ్ళు సేత్తే ఇరవై మూడిళ్ళోళ్ళూ నా అరుగు మీద వరసగా కూకుని మాటాడీసేరు. ఏటి, మల్లీ రమ్మంతావా?"

అప్పుడర్థమైంది. నేను తీసేసింది డూప్లికేట్లని కాదు, ఇరవై రెండు ఇళ్ళని. మిగిలింది సత్తిబాబు, ఆయన ఫ్రిజ్జు. ఒక ఇంటిని ఆ ఇంటితోనే పోల్చి చూస్తే అసమానత సున్నా రాక ఏమొస్తుంది?

ఇంతలో ఫోను ఇంకొకరి చేతికి మారింది. ఆమె అప్పలనరసమ్మ, జీడితోటల్లో కూలి. కూతురు నూకరత్నం తొమ్మిదో తరగతి.

"బడెట్టేవోళ్ళేనా బాబూ మీరు? పిల్లని సోమారం నుంచి జీడిపిక్కల షెడ్డుకి పంపీమంతన్నారు. మీ బడొస్తే పంపను. నేదంటే పంపేస్తాను. బడి వత్తాదా, రాదా? అదొక్కటీ సెప్పు."

సత్తిబాబు ఫోనులో ఆన్‌లైన్ పాఠాలు రావా అని అడిగాను. వెనకనుంచి ఆయనే అరిచాడు: "వత్తాయి. నా కొడుకు సూసినాక మిగతా పిల్లలకి వంతులు. ఒంతు వొచ్చీసరికి సార్జింగు పోతాది!"

కనుక్కుని సాయంత్రం చెప్తానని పెట్టేశాను. సినిమాల్లో అయితే ఇక్కడ ఉరుము ఉరుముతుంది. మా ఆఫీసులో కింద షాపువాడు దగ్గాడు. అది కరోనా కాలం కనక ఉరుముకంటే అదే ఎక్కువ భయపెట్టింది.

పద్మావతి గారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. పాత ఫైలు మీదే సేవ్ చేశానని కూడా చెప్పాను.

"పేటకి పేటే చెరిపేశావా నాయనా! సర్లే, కాగితం ఫారాలున్నాయిగా. ఎక్కడ పెట్టావు?"

"బల్ల కిందండీ."

"బల్ల కింద ఎక్కడ?"

"కాలు కిందండీ. ఊగుతోందని మడిచి పెట్టాను."

ఆవిడ లేచారు. వచ్చి బల్ల ఎత్తి పట్టుకున్నారు. నేను కట్ట లాగాను. ఇరవై మూడూ ఉన్నాయి, కాస్త అణిగాయి తప్ప. సత్తిబాబుది తప్ప ప్రతి ఫారం చివర రిమార్కుల గడిలో ఎన్యూమరేటర్ గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'కొట్టువారి ఫోను. ఇల్లు వేరు.' ఇరవై రెండుసార్లు రాశాడు పాపం. నేను ఒక్కసారీ చదవలేదు.

ఆవిడ చదువుతుంటే నేను ఎక్కించాను. నాలుగూ నలభైకి ఫలితం మారింది. నంబర్ వన్ పేట అడుగు నుంచి రెండో స్థానానికి దిగిపోయింది. ఒక ఊరు ఫెయిలైందని నేను కుర్చీలోంచి లేచి ఎగరడం అదే మొదలు. ఐదుకి లిస్టు వెళ్ళింది. పేట అందులో ఉంది. సత్తిబాబుకి ఫోన్ చేసి బడి వస్తోందని అప్పలనరసమ్మకి చెప్పమన్నాను. "సెప్పక్కర్నేదు, ఇక్కడే కూకుంది. నువ్వు పెట్టీసినకాణ్ణించి అరుగు దిగితే ఒట్టు" అన్నాడు. వెనక ఆవిడ నవ్వు వినిపించింది. నాకప్పుడే ఊపిరాడింది.

సోమవారం నూకరత్నం షెడ్డుకి వెళ్ళలేదు. బుధవారం టీచరు వెళ్ళింది. తర్వాత మా రూలు కూడా మార్చారు: ఫోన్ నంబరు ఒక్కటీ చాలదు, ఇంటి యజమాని పేరు, రిమార్కు కూడా చూశాకే చెరపాలి.

నేను నేర్చుకున్నది ఇంతే. ఎక్కడైనా అసమానత సున్నా అని కనిపిస్తే, సంతోషించే ముందు ఎన్ని ఇళ్ళు లెక్కలోకి వచ్చాయో చూడాలి. ఇక బల్ల సంగతంటారా, నేను తాళాలిచ్చి దిగిన రోజుక్కూడా ఊగుతూనే ఉంది. పద్మావతి గారు దాని కింద ఏ కాగితమూ పెట్టనివ్వలేదు.