సాగిన మర

మధ్యాహ్నం జనగామలో బస్సెక్కి కూర్చున్నాను. పాత కారు కొని అప్పటికి నెల కూడా కాలేదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు ఎంత బిగించినా వదులవుతుంటే, విప్పి జేబులో వేసుకొచ్చాను. దాన్నే చేతిలో తిప్పి చూసుకుంటున్నాను.

పక్క సీటులోని ముసలాయన చెయ్యి చాపాడు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు.

"జర ఇటియ్యి బిడ్డా."

కళ్లు మూసుకుని బొటనవేలి గోటిని మరల మీద మెల్లగా నడిపించాడు.

"మరలు కోసే డై తిప్పి సాపు చేయిస్తే సరిపోతదా చాచా?" అని అడిగాను.

"మర నలిగితే డై తిప్పచ్చు. గిది నలగలే, సాగింది. సాగినదానికి రిపేరు లేదు, పారెయ్యాలె." వేలు బోల్టు తల మీదికి పోయి ఆగింది. కళ్లు తెరవకుండానే అడిగాడు. "ఎడమ దిక్కు చక్రందే కదా?"

నేనా మాట చెప్పలేదు.

"నీకెట్ల తెలుసు?"

తల మీది సన్నని గీత చూపించాడు. "గీ ఆకురాయి గీత నేను పెట్టిందే. అప్పుడే సాగి ఉండె. డై తిప్పి, మంచిగైంది పో అని చెప్పిన. టేకుమట్ల తొవ్వల గా బండి చక్రం ఊడింది. బండి నడిపినాయన బతికిండు. పక్కన కూసున్నది మా తమ్ముడు."

రఘునాథపల్లిలో ఆయన దిగిపోయాడు. బోల్టు ఆయన పిడికిట్లోనే ఉంది. నేను అడగలేదు.

కొత్త బోల్టులు వేయించాను. బండి బాగానే నడుస్తోంది. పక్క సీట్లో మాత్రం ఇంతవరకు ఎవరినీ కూర్చోబెట్టలేదు.