అరగంట ఆలస్యమైన లాంతరు

విశాఖపట్నం రేవుకి నేను చేరింది 1956 నవంబరులో. సెలవు ముగించుకుని నంద్యాలలో రైలెక్కి గుంటూరులో మారాను. మూడో రోజు ఉదయం ఏడున్నరకు దిగాను. సన్నటి వాన. నా దగ్గర ఒక ట్రంకుపెట్టె, రెండు జతల తెల్ల యూనిఫారాలు, ఒక దుప్పటి. నౌకాదళంలో చేరి అప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఒడ్డున స్టోరు గదుల్లోనే గడిచాయి. సముద్రం మీద డ్యూటీ అదే మొదలు.

పడవలూ తాళ్ళూ తెరచాపలూ చూసుకునే పైమనిషిని బోసన్ అంటారు. మా బోసన్ శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున పుట్టినవాడు. నా కాగితం చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏ ఊరు?"

"ఆళ్లగడ్డ పక్కన పల్లెన్నా. కర్నూలు జిల్లా."

"అక్కడ సముద్రముందేటి?"

"సముద్రం యాడిదన్నా. మాకు బాయిల్లోనే నీళ్ళుండవ్."

"మరి ఈతొచ్చా?"

"నీళ్ళున్న ఏడు నేర్చుకున్నా."

పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి నా పేరు కర్నూలోడు. సొంత పేరుతో పిలిస్తే నేనే పలికేవాణ్ణి కాదేమో.

రెండు నెలలు నేర్పాడు. చాప ఎత్తడం, దించడం, చుక్కాని పట్టడం. అన్నిటికంటే ముఖ్యంగా, ఓడల నుంచి తప్పించుకోవడం. పెద్ద ఓడకి చిన్న పడవ కనపడదు, కనపడినా వెంటనే ఆగలేదు, కాబట్టి తప్పుకోవాల్సింది మనమే. "ఓడ కనపడితే నీ పడవ స్తంభానికి కట్టిన తాడుతో గురి చూడు. ఓడ తాడుకి అటో ఇటో జరిగిందా, బతికావు. జరక్కుండా అక్కడే ఉండి పెద్దదవుతుందా, నీ మీదకే వస్తంది." నాకు బాగానే అర్థమైంది. రెండు బండిదారులు కలిసే చోట అవతలి బండి మన ఎడ్ల కొమ్ముల మధ్యనే కనబడుతూ దగ్గరైతే గుద్దుకోవడం ఖాయం. అదే ఇది.

రెండో మాట దీపం గురించి. "సూరీడు మునగ్గానే లాంతరు. ఎలుతురుందా, నూనుందా అని నెక్కలు కట్టకు."

ఈ మాట నా చెవికెక్కింది కానీ ఒంటికి పట్టలేదు. మా ఇంట్లో లెక్క వేరు. కిరసనాయిలు కోసం ఆళ్లగడ్డ సంతకి ఐదు మైళ్ళు నడవాలి. మా అవ్వ సాయంత్రం వాకిట్లో నిలబడి అరచెయ్యి చూసుకునేది. చేతిగీతలు కనపడినంతసేపు ఇంట్లో దీపం వెలగడానికి లేదు. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా రోజూ చూసింది అదే.

జనవరిలో ఆర్డరు వచ్చింది. ఇరవై ఏడడుగుల తెరచాప పడవ ఒకటి అండమాన్ దీవులకు చేరాలి. చిన్న ఓడ దాన్ని తాడుతో లాక్కెళుతుంది. పడవలో ఒక మనిషి చుక్కాని పట్టాలి. నాలుగు గంటలకొకసారి మనిషి మారాలి. బయలుదేరే ముందు బోసన్ చెప్పాడు: "తాడు తెగితే పడమరకి నడుపు. పడమర దేశముంది. ఎంత కర్నూలోడివైనా తప్పిపోలేవు."

ఉదయం ఐదుకి బయలుదేరాం. మూడో రోజు మధ్యాహ్నం మూడూ పదికి తాడు తెగింది. అప్పుడు పడవలో ఉన్నది నేను. గాలివాన. ఓడ వెనక నుంచి బోసన్ రేకు గొట్టంలో అరిచాడు.

"చాప దించు! చుక్కాని వదలకు! మేం తిరిగొత్తాం!"

తిరిగే ఉంటారు. ఆ వానలో నేను వాళ్ళకు కనపడలేదు. నాలుగున్నరకు వాన తగ్గేసరికి చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని గట్టిగానే ఏడ్చాను. తర్వాత చిన్న చాప ఎత్తి, దిక్సూచి చూసి, పడమరకి తిప్పాను.

ఒక డబ్బా బిస్కెట్లు, ఒక పీపా నీళ్ళు, లాంతరు, సీసాడు కిరసనాయిలు, రేకుడబ్బీలో అగ్గిపెట్టె. నా చేతికి గడియారం. నీళ్ళ అంచున కనపడిన ఓడ ఇరవై నిమిషాల్లో మీదకి వచ్చేస్తుంది. కాబట్టి పదిహేను నిమిషాలకు మించి నిద్ర లేదు. అల్యూమినియం గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చునేవాణ్ణి. నిద్ర ముదిరితే గ్లాసు జారి చెక్కల మీద పడేది. ఆ చప్పుడుకి లేచి నాలుగు దిక్కులూ చూసేవాణ్ణి.

ఓడలు వచ్చాయి. ఒకటి తాడుకి ఎడంగా జరిగిపోయింది. ఇంకొకటి జరగలేదు. పడవ తిప్పి పారిపోయాను. అది పక్కనుంచి పోతుంటే మూడంతస్తుల మేడ నడిచినట్టుంది. పైన ఒక్క మనిషీ లేడు. నన్ను తొక్కేసి ఉంటే వాళ్ళకి తెలిసేది కూడా కాదు.

తాడు తెగాక ఐదో రోజుకి బిస్కెట్లు ఉప్పునీళ్ళలో నాని పాడయ్యాయి. సీసాలో కిరసనాయిలు రెండు వేళ్ళ మందం మిగిలింది.

ఆరో రోజు సాయంత్రం నాలుగ్గంటలకు వెనకనుంచి గోధుమరంగు చాప ఒకటి వచ్చింది. చేపల పడవ. చుక్కాని దగ్గర ఒక ముసలాయన, ముందు ఇద్దరు మగవాళ్ళు. ఆరు రోజుల తర్వాత మనుషులు! నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఒడ్డు ఎంత దూరముండాది పెద్దాయనా?"

"ఈ గాలికి తెల్లారేసరికి గట్టు," అన్నాడు ముసలాయన. "ఒక్కడివేనేటి? మా పక్కనొచ్చెయ్. ఇది ఓడలెల్లే దారి. మా కాడ దీపం నేదు. నీకాడుంది గదా. ఎలిగించు, అందరం దాని ఎలుగులో పోదాం."

"అట్లనే పెద్దాయనా."

వాళ్ళ చాప పెద్దది. నాకంటే ముందు వెళ్ళిపోగలరు. కానీ చాప సగం దించి నాకోసం నెమ్మదించారు. నాకు వెనగ్గా, తూర్పు పక్కన, వంద గజాల్లో వస్తున్నారు. ఇల్లు చేరినంత సంబరపడ్డాను.

ఐదూ నలభై ఐదుకి సూర్యుడు మునిగాడు. గాలిలో మంచు పొగలా ఉంది. కాసేపటికి ముసలాయన కేకేశాడు.

"బాబూ, దీపం!"

నేను అరచెయ్యి చూసుకున్నాను. గీతలు కనపడుతున్నాయి.

"ఇంగా ఎలుతురుండాది పెద్దాయనా! ఆయిలు తక్కువుండాది. కొంచేపాగి ఎలిగిస్తా!"

"సరే బాబూ. నీకు తెల్దా!"

నా ఒంటిమీద యూనిఫారం ఉంది. అందుకే నమ్మాడు.

ఆరూ పదిహేనుకి దక్షిణం వైపు మంచులోంచి ఓడ వచ్చింది. అర మైలు కూడా లేదు. తాడుతో గురి చూశాను. జరగడం లేదు. మొదటి పుల్ల విరిగింది. రెండోది ఆరింది. మూడోదానికి ఒత్తి అంటుకుంది. లాంతరు తెడ్డుకి తగిలించి నెత్తిమీదికి ఎత్తి ఊపాను. ఓడ ఒక్క కూత వేసింది. దాని ముక్కు మెల్లగా నా మీదనుంచి తూర్పుకి తిరిగింది. బతికానురా దేవుడా అనుకున్నాను. నిజంగా, ముందు ఆ మాటే అనుకున్నాను.

తూర్పున వాళ్ళున్నారు.

కర్ర విరిగిన చప్పుడు ఒకటి, అంత పెద్దదేమీ కాదు. ఎవరో "ఓయ్" అన్నారు. ఓడ ఆగలేదు. దాని అలకి నా పడవ సగం నిండింది. చుక్కాని కాలితో నెడుతూ, ఒక చేత్తో నీళ్ళు తోడుతూ, రెండో చేత్తో దీపం ఎత్తి ఆ చోటంతా తిరిగాను. "పెద్దాయనా! పెద్దాయనా!" వాళ్ళ పేర్లు అడగలేదు. ఏమని పిలవాలో తెలియలేదు. కిరసనాయిలు అయిపోయేదాకా తిరిగాను. చీకట్లో కూడా తిరిగాను. తెల్లవారాక మళ్ళీ వెతికాను. మనుషులెవరూ దొరకలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒడ్డు తగిలింది. ఇసుకమేట, దూరంగా ఒక లైట్‌హౌసు. ఓడ చేపల పడవని గుద్దిందని లైట్‌హౌసు వాళ్ళకి చెప్పాను. వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకి కబురు పంపారు. ఆ ముగ్గురిదీ ఏ ఊరని తేలిందో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే ఆ ఊరికి వెళ్ళాల్సి వస్తుందని భయం.

విశాఖపట్నంలో ఆఫీసరు నా మాటలు రాసుకున్నాడు. అక్కడ పెద్దగా అడిగిందేమీ లేదు. బయటికొచ్చాక అడిగినవాడు బోసన్.

"దీపం ఎప్పుడెలిగించావు?"

"సూర్యుడు మునగంగానే అన్నా."

నా మొహం చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "పోయి తిను," అన్నాడు. ఆ తర్వాత నన్ను కర్నూలోడా అని పిలవలేదు. అసలు పేరుతోనే పిలిచాడు. అంతకంటే కొట్టి ఉంటే బాగుండేది.

1959లో సర్వీసు ముగిసింది. నంద్యాల స్టేషన్లో నాయన బండి కట్టుకొని వచ్చాడు. ఊళ్ళో అందరూ సముద్రం ఎట్లుంటాదని అడిగారు. పెద్దదని చెప్పాను. సేద్యంలో దిగాను. పొలం రెండు మైళ్ళు. అందరూ పొద్దున్నే సద్ది కట్టుకొని పోయేవాళ్ళు. నేను మాత్రం మధ్యాహ్నం ఎండలో ఇంటికొచ్చి తిని, మళ్ళీ వెళ్ళేవాణ్ణి.

"సద్ది కట్టిస్తానంటే వద్దంటావ్. ఎండకి పడి పోతావ్. ఏందిరా నీ బాధ?" అంది అమ్మ.

"ఏం లేదుమ్మా. వేడిది తినాలనిపిస్తాది."

"నేవీలో నేర్పినారా ఈ సోకు?" అన్నాడు నాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్ళకి చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను. ఆ చేపల పడవ మునిగిన తెల్లవారి నేను వెతుకుతుంటే నీళ్ళ మీద ఒక సత్తు తపేలా నిటారుగా తేలుతూ వచ్చింది. మూత మీద గుడ్డ వేసి కట్టి ఉంది. పాత చీర చెంగు, నీలం మీద ఎర్ర అంచు. రెండు రోజులుగా నా కడుపులో ఏమీ లేదు. తడికి ముడి బిగిసిపోయింది. వేళ్ళతో రాలేదు, పళ్ళతో లాగి విప్పాను. లోపల చుక్క ఉప్పునీరు పోలేదు. గంజన్నం, మూడు ఎండుచేపలు. మూడూ నేనే తిన్నాను. ఒక్క మెతుకు మిగల్చలేదు. తిన్నాక తపేలా కడిగాను, ఆ గుడ్డ మళ్ళీ కట్టబోయాను. ఆ అన్నం కట్టి పంపిన ఆమె ఎవరో, ఆ ముడి ఎట్లా వేసిందో, నాకు అట్లా కట్టడం చేతకాలేదు.