అత్తగారి తమలపాకు తీగకి నేను కట్టిన గులాబీ లైటు

నవ్వండి, నవ్వుకోవడానికే రాస్తున్నాను. కాకపోతే ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఒక ప్రాణం పోయింది. పోయింది మనిషిది కాదు గానీ, మా ఇంట్లో దానికి మనిషి కన్నా ఎక్కువ మర్యాద జరిగేది. చంపింది నేను. ఆయుధం, నా చేత్తో నేను తయారు చేసిన ఎల్‌ఈడీ లైటు. తాడేపల్లిగూడెంలో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి కాంతి గురించి నాకు తెలియనిదేముందిలే అనే పొగరుతో ఆ పని చేశాను. శిక్ష కూడా ఆ పొగరుకి తగ్గట్టే పడింది.

మా అత్తగారు సుభద్రమ్మ గారిది కొల్లేటి ఒడ్డున, కైకలూరు అవతల ఒక పల్లెటూరు. మావగారు ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ అరుగు మీద కూర్చుని పెరట్లో తీగకి కోసిన తమలపాకులు వేసుకునేవారు. ఆకుకి సున్నం రాసి చుట్టి ఇవ్వడం మావగారి పని. "ఇవాళ సున్నం ఎక్కువైందండీ" అనడం అత్తగారి పని. మావగారు పోయాక ఆవిణ్ణి ఏలూరు పక్కన వట్లూరులో మా ఫ్లాటుకి తీసుకొచ్చేశాం. వస్తూ వస్తూ ఆవిడ ఆ తీగ కొమ్మొకటి కుండీలో నాటుకుని, దారి పొడవునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

వచ్చిన రోజే ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, వెనక గిన్నెలు తోముకునే చోట కుండీ పెట్టారు.

"అమ్మాయ్, ఇది ఇక్కడ బతికిందనుకో, నేనూ ఇక్కడే ఉంటాను. బతకలేదనుకో, జంగారెడ్డిగూడెం మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాను. దాని పెరట్లో బోలెడు చోటుంది" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. కానీ అన్న మాట తప్పడం ఆవిడకి తెలియదు. ఎప్పుడో మావగారితో పంతం వచ్చి "ఇక కాఫీ తాగను" అన్నారట. ఆ పంతం దేనికొచ్చిందో ఇద్దరూ మర్చిపోయారు గానీ ఆవిడ ఈ రోజుకీ కాఫీ ముట్టుకోరు.

నాకేమో ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నా తల చిక్కు తీసి, నూనె పెట్టి జడ వేసిన మొదటి ఆడమనిషి ఈవిడే. ఈవిడ వెళ్ళిపోతే ఆ ఇంట్లోకి సాయంత్రం తాళం తీసుకుని ఎలా అడుగు పెడతానో తలుచుకుంటేనే ఏడుపొచ్చేది. "ఉండిపోండి అత్తయ్యగారూ" అని నోరు తెరిచి అడగొచ్చు కదా అంటారా? అయితే మీరు మా వైపు వాళ్ళు కారన్నమాట. మేం గొంతులో ముల్లు గుచ్చుకున్నా "పులుసు చాలా బాగుందండీ" అంటాం గానీ ముల్లు సంగతి ఎత్తం.

మాది కింది ఫ్లాటు. వెనక గుమ్మం తీస్తే పక్క అపార్ట్‌మెంటు గోడే, పట్టపగలు కూడా చీకటే. నెల తిరక్కుండానే తీగ వాడిపోయి, ఆకులు పాలిపోయాయి. అత్తగారు రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి చూసి, లోపలికి వచ్చేసేవారు. నేను మాత్రం రోగం కనిపెట్టేశాను. వెలుతురు చాలడం లేదు! ఎండ లేకపోతే ఏం, ఎండని నేనే తయారు చేస్తాను.

ఎరుపు ఎల్‌ఈడీ చిప్పులు, నీలం చిప్పులు, వాటికి తగినంత కరెంటు అందించే డ్రైవరు పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాత ఇనప సామాన్ల కొట్లో అల్యూమినియం పట్టీ ఒకటి ఏరుకొచ్చాను. డైనింగ్ టేబుల్ మీద సోల్డరింగ్ మొదలుపెట్టేసరికి మా ఆయన వచ్చి చూశారు. ఆయనది చేపల మేత వ్యాపారం, చెరువులు తప్ప ఇంకో లోకం తెలియదు.

"చేపల మేతకి పురుగులు పడాలని చెరువు మీద కట్టే లైటా?"

"కాదండీ. ఆకులు పచ్చరంగుని వెనక్కి పంపేసి, ఎరుపూ నీలమూ తీసుకుంటాయి. అందుకని..."

"అన్నం ఎక్కడ తినాలి?"

"కింద కూర్చోండి."

ఆయన కింద కూర్చునే తిన్నారు. ఆ వారమంతా అలాగే తిన్నారు, పాపం.

మొదటిసారి స్విచ్ వేయగానే ఢామ్మని శబ్దమొచ్చి ఇంట్లో కరెంటంతా పోయింది. రెండోసారి వేస్తే పొగ వచ్చింది. మూడోసారి వెలిగింది. వెలగడమంటే అలా ఇలా కాదు, గిన్నెలూ గోడా నా మొహమూ అన్నీ గులాబీ రంగైపోయాయి. పైఫ్లాటు గ్రేస్ గారు మెట్లు దిగి వచ్చారు.

"అప్పుడే క్రిస్మస్ స్టార్ కట్టేశారాండీ? ఇంకా వినాయక చవితే రాలేదు కదా!"

"స్టార్ కాదండీ, మా అత్తగారి తమలపాకు తీగకండీ."

"ఓహో, చాలా బాగుందండీ" అని ఆవిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు. మా అత్తగారు కూడా "ఎంత కష్టపడ్డావమ్మాయ్" అన్నారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది.

లైటు తీగకి జానెడు దూరంలో వేలాడదీశాను. దగ్గరగా ఉంటే బలం ఎక్కువ కదా! రాత్రీ పగలూ ఆర్పకుండా ఉంచాను. మర్నాటికే ఆకులు నల్లగా కనిపించాయి. నా ఆనందం చూడాలి మీరు. మా పుట్టిల్లు పెదపాడు దగ్గర, చిన్నప్పటి నుంచీ వరి చేల మధ్య పెరిగినదాన్ని. మా నాన్న ఎరువు చల్లాక గట్టు మీద నిలబడి "చేను నల్లబడిందే!" అన్నారంటే పైరు ఏపుగా ఉందని అర్థం, ఆ రోజు ఇంట్లో పండగే. నేనూ అదే గట్టు మీద నిలబడ్డట్టు నిలబడి, అత్తగారిని కేకేశాను.

"చూడండి అత్తయ్యగారూ, ఎంత నల్లబడిందో!"

"అవునమ్మాయ్, నల్లగానే ఉంది" అన్నారావిడ నెమ్మదిగా.

అయ్యా, ఎరుపూ నీలమూ తప్ప ఇంకే వెలుతురూ లేని చోట పచ్చని ఆకు నల్లగా కాక ఎలా కనిపిస్తుంది? తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా నేనే బోర్డు మీద రాసి చెప్పే పాఠమది. కానీ ఇంటికొచ్చేసరికి నేను ఫిజిక్స్ టీచర్ని కాదు, పెదపాడు రైతు కూతుర్ని. పైరు నల్లబడిందంటే బాగున్నట్టే.

పదిరోజులు అలా మురిసిపోయాక ఒక సాయంత్రం చీకటి పడే వేళ కరెంటు పోయింది. సెల్‌ఫోను లైటు వేసుకుని వెనక్కి వెళ్ళాను. తెల్లని వెలుతురు పడేసరికి చూద్దును కదా, ఒక్క ఆకు కూడా పచ్చగా లేదు. అన్నీ మాడి, అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. కాడ పట్టుకుని లాగితే తీగంతా చేతికొచ్చేసింది. కుండీ చిల్లు మట్టితో పూడుకుపోయి, వేళ్ళు నీళ్ళలో కుళ్ళి ఉన్నాయి. అంటే అసలు రోగం కింద ఉంటే నేను పైనుంచి కాల్చానన్నమాట. మావగారు పాదు చేసి పెంచిన తీగ కొమ్మ అది. నేల మీదే కూలబడి ఏడ్చాను.

అత్తగారు మా ఆయనతో కలిసి ఏలూరులో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు కాబట్టి ఇంట్లో లేరు. నా బుర్ర అప్పుడు చేసిన ఆలోచన చూడండి. చచ్చిన తీగని మళ్ళీ కుండీలో గుచ్చేశాను, కరెంటు వస్తే ఆ గులాబీ వెలుతుర్లో ఎలాగూ నల్లగానే కనిపిస్తుంది కదా! మర్నాడు బడి అయిపోగానే తాడేపల్లిగూడెంలో ఒక నర్సరీకి పరిగెత్తాను. నీడవల కింద ఒక తీగ కనిపించింది. అదే ఆకారం, అదే మొన, అదే నిగనిగ, పైగా మన తీగ కన్నా నలుపు! నర్సరీ అతను పక్కనే ఉన్నాడు. అడిగితే టీచరమ్మకి తమలపాకు కూడా తెలియదనుకుంటాడేమోనని అడగలేదు. సంచీలో పెట్టుకుని, రైల్లో అందరి మోచేతులకీ అడ్డం నిలబడి ఇంటికి చేర్చాను. అత్తగారు గ్రేస్ గారింట్లో ఉన్న సమయం చూసి పాత కుండీలో నాటేశాను. లైటు తీసేసి అటక మీద పడేశాను.

"తీగ తిప్పుకుంది అత్తయ్యగారూ! ఇక లైటుతో పని లేదు."

ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. తరవాత ఒక ఆకు కోసి, కడిగి, సున్నం రాసుకుని, వక్క పెట్టుకుని నోట్లో వేసుకున్నారు. రెండు నములు నమిలారో లేదో కళ్ళ వెంట నీళ్ళు.

"మావయ్యగారు గుర్తొచ్చారా అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ నోరు తెరవకుండా తల ఊపారు. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నాం. అప్పట్నుంచి రోజూ భోజనం అవడం, ఆవిడ ఆకు నమలడం, కన్నీళ్ళు కారడం. ఎంత ప్రేమో ఆ ముసలాయన మీద అని నేను లోపల్లోపల దణ్ణం పెట్టుకునేదాన్ని.

దసరా వెళ్ళాక జంగారెడ్డిగూడెం నుంచి ఆవిడ చెల్లెలు మాణిక్యం గారు చూడ్డానికి వచ్చారు. మెట్ట మనిషి, మొహమాటం లేదు. వెనక చేతులు కడుక్కోబోయి అక్కడి నుంచే అరిచారు.

"అక్కా! ఈ మిరియాల తీగ ఎక్కడిదే? మా తోటలో కొబ్బరిచెట్లకి ఎక్కించేది ఇదే కదా!"

"నువ్వూరుకోవే" అన్నారు అత్తగారు గాభరాగా. ఆవిడ బుగ్గన ఆకు అప్పటికే ఉంది.

నేను అక్కడే అత్తగారి ముందు కూర్చుండిపోయాను.

"తీగ చచ్చిపోయింది అత్తయ్యగారూ. నేనే చంపేశాను. మీకు తెలియకుండా ఇది తెచ్చి పెట్టాను. తమలపాకే అనుకున్నానండీ."

"తెలుసమ్మాయ్."

"ఎప్పుడు తెలిసింది?"

"నోట్లో పెట్టుకోగానే తెలిసింది. నాలిక భగ్గుమంది కదా."

"మరి చెప్పలేదేంటండీ? ఇన్నాళ్ళూ ఆ కారం నమిలారా?"

ఆవిడ పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ అన్నారు.

"చెబితే తీగ పోయినట్టే కదమ్మాయ్. తీగ పోతే నేను వెళ్ళిపోవాలి, ఆ రోజు నా నోటితో నేనే అన్నాను. నాకేమో ఇక్కడే ఉండాలని ఉంది. అందుకని నమిలాను."

మాణిక్యం గారు తడిచేతులతో గుమ్మంలో అలాగే నిలబడిపోయారు. నేను అత్తగారి రెండు చేతులూ పట్టుకున్నాను. ఇన్ని నెలలూ నాలిక చివర ఆగిపోయిన మాట అప్పటికి బయటికొచ్చింది.

"ఉండిపోండి అత్తయ్యగారూ. ఏ తీగా లేకపోయినా ఉండిపోండి."

"అలాగేనమ్మాయ్" అని ఆవిడ నా తల నిమిరారు. "కానీ రేపట్నుంచి పప్పుచారు నేను పెడతాను. ఏమనుకోకు, నీ పప్పుచారు మీద ఆ మిరియాల ఆకే నయం."

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే మొక్కకీ నేను లైటు కట్టను. పేరు అడక్కుండా ఏ తీగనీ గడప దాటించను. ఎవరైనా నా దగ్గర ఉండిపోతే బాగుండునని అనిపిస్తే, ఆ మాట వాళ్ళతోనే, కరెంటు అవసరం లేకుండా, చెబుతాను.