పరేషాన్ గురించి అడిగిన రోజులు

పిల్లలు ఇంటర్నెట్‌ల ఏం చేస్తున్నరు, దాంట్ల వాళ్ళకు ఎసుంటి ముప్పు ఎదురైతున్నది అని కొన్ని దేశాలు కలిసి ఒక సర్వే పెట్టుకున్నయి. దాంట్ల నేను కొన్ని నెలలు పనిచేసిన. అంతకుముందు ఒక చిన్న ప్రైవేటు బడిల సోషల్ చెప్పేదాన్ని, ఆ బడి మూతపడ్డది. సర్వే పనంటే ఇంటింటికి పోవుడు, తల్లిదండ్రులను ఒప్పించుడు, పిల్లలను ప్రశ్నలడిగి జవాబులు ట్యాబ్‌ల ఎక్కించుడు. నా వంతుకు గౌలిపుర, సంతోష్‌నగర్ గల్లీలు వచ్చినయి. ఉర్దూ మాట్లాడే ఇండ్లకు నాతోటి ఇంకొకామె వచ్చేది. ఆమె పుట్టి పెరిగింది ఆ దిక్కే.

ప్రశ్నలు అన్ని దేశాలకు ఒక్కటే. ఇంగ్లీషుల తయారైతయి, ఏ దేశమోళ్ళు ఆ దేశం భాషలకు మార్చుకోవాలె. మాట మారినా అర్థం మారొద్దు, మారితే ఒక దేశం పిల్లల జవాబులను ఇంకో దేశం పిల్లల జవాబులతోటి పోల్చరాదు అని ట్రైనింగ్‌ల మా కోఆర్డినేటర్ మేడం మస్తుసార్లు చెప్పింది. మేం తలలూపినం. బయటికి పోయినంక తెలిసింది అదెంత కష్టమో.

అన్నిట్ల ముఖ్యమైన ప్రశ్న ఒకటుండె. ఈ ఏడాదిల ఇంటర్నెట్‌ల నిన్ను కలతపెట్టిన సంగతి ఏమన్న జరిగిందా అని. ట్రయల్‌కు పోయిన మొదటి ఇంట్లనే ఒక పిల్ల "కలత అంటే ఏంది మేడం?" అని అడిగింది. 'ఇబ్బంది' అని మార్చి చూసినం. అప్పుడు అందరు పిల్లలు అవునన్నరు. ఏం ఇబ్బంది అంటే వీడియో నడుమ యాడ్‌లొస్తయి, నెట్ ఆగాగి వస్తది, అన్న ఫోన్ గుంజుకుంటడు. ఉర్దూ కాగితంల ఇంకేదో పెద్ద మాట రాసిండ్రట. "గా మాట మా దాదాకు గూడ తెల్వది" అని నాతోటామె నవ్వింది. ఆఖరికి ఇద్దరం ఒక హోటల్‌ల చాయ్ తాక్కుంట కూసోని 'పరేషాన్' అని రాసినం. ఇటు తెలుగుల, అటు ఉర్దూల అదే మాట. నిన్ను పరేషాన్ చేసి, ఎవరికీ చెప్పబుద్ధి కాని సంగతి ఏమన్న అయ్యిందా?

మేడం ఆ మాటను తీస్కపోయి వేరే దేశాలోళ్ళతోటి వీడియో మీటింగ్‌ల పెట్టింది. మేం ఎనుక కూసున్నం. తెర మీద ఒక పెద్దామె, ఏ దేశమామెనో, తమ పిల్లలు గూడ మొదట యాడ్‌ల గురించే చెప్పిండ్రని, వాళ్ళు గూడ మాట మార్చుకున్నరని చెప్పింది. మా పరేషాన్‌ను ఒప్పుకున్నరు.

ఆ మాట పెట్టినంక పిల్లలు జవాబు చెప్పే ముందు కొంచెం సేపు ఆగుడు మొదలువెట్టిండ్రు.

గౌలిపురల ఒక ఇంటికి పోయిన రోజు నాకు బాగ యాదికున్నది. ఒకప్పుడు బర్రెలు కట్టేసిన కొట్టమట, గోడలు లేపి ఇల్లు చేసిండ్రు. ముందల ఒక అర్ర, ఎనుక వంట. తల్లి కిటికీ కాడ మిషన్ మీద జాకెట్లు కుడుతున్నది. తండ్రి కంచన్‌బాగ్‌ల ఒక ఫ్యాక్టరీల కాంట్రాక్టు పనికి పోయిండు. బిడ్డ ఎనిమిదో తరగతి. రెండు జడలు, నూనె రాసుకున్న మొఖం, మస్తు మర్యాద. తల్లి సంతకం పెట్టింది గనీ మిషన్ కాడికెల్లి లేవలేదు.

నా ప్రశ్నలల్ల మొదటిది నీ సొంత ఫోన్ ఉన్నదా అని.

"ఉన్నది. అమ్మది" అన్నది పిల్ల.

సొంతంది కాకపోతే 'లేదు' నొక్కాలె. నొక్కిన. నీ సొంత అర్రల కూసోని ఇంటర్నెట్ చూస్తవా అనేది ఆ తర్వాతది. పిల్ల అర్రంత ఒకసారి కలెజూసి నవ్వింది. దానికీ 'లేదు' నొక్కిన.

ముఖ్యమైన ప్రశ్నలు పిల్లను ఒక్కదాన్నే కూసోవెట్టి అడుగాలె, ఇంట్లోళ్ళకు ఇనపడొద్దు అనేది రూలు. "డాబా మీదికి పోదమా బిడ్డా" అన్న. తల్లి మిషన్ ఆపి మా దిక్కు చూసింది. వద్దనలేదు. నేను పిల్ల ఎనుక మెట్లెక్కిన.

డాబా మీద బట్టలు ఆరేసున్నయి. నీళ్ళ ట్యాంకు నీడల కూసున్నం. ప్రశ్నలు అడిగేముందు ఒక మాట చెప్పాల్సి ఉంటది, అది చెప్పిన. నువ్వు చెప్పింది ఎవరికీ చెప్ప. కానీ నీకు ఎవరన్న హాని చేస్తున్నరని తెలిస్తే ఊకోను, సాయం చేసేటోళ్ళకు చెప్త, చెప్పేముందు నీకే చెప్త. పిల్ల సరేనన్నది. తర్వాత పరేషాన్ ప్రశ్న అడిగిన.

పిల్ల తన జడ కొసను వేలికి చుట్టుకుంట అడిగింది. "అయ్యింది అంటే ఫోన్ గుంజుకుంటరా మేడం?"

"ఎవరు?"

"బాపు. బడి గూడ బంద్ చేపిస్తడేమో."

నేను ఆ సంగతి నాకు తెల్వదన్న. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

జడ కొసను ఇడిచిపెట్టి చెప్పింది. ఒక గేమ్‌ల వేరే బడి పిల్లనని చెప్పి ఒకరు దోస్తానా చేసిండ్రు. మాట్లాడుకుందామని నంబరు అడిగిండ్రు. ఇంట్ల ఉన్నదే ఒక నంబరు, అమ్మది, అదే ఇచ్చింది. బడిల ఫంక్షన్‌కు డాన్స్ చేసిన ఫోటో ఒకటి పంపింది. ఆ తర్వాత ఆ పిల్ల పిల్ల కాదని తెలిసింది. ఇంకా ఫోటోలు పంపు, లేకుంటే ఈ ఫోటోను ఖరాబుగ మార్చి మీ ఇంటోళ్ళకు పంపుత అని మెసేజ్‌లు మొదలువెట్టిండు. తను మళ్ళ ఏం పంపలేదట. ఒక నంబరు బ్లాక్ చేస్తె ఇంకో నంబరుకెల్లి వస్తున్నడట. అమ్మ చూడకముందే డిలీట్ చేస్తున్నదట.

"వేరే దేశాల పిల్లలను గూడ గిదే అడుగుతున్నరా?" అన్నది.

"అడుగుతున్నరు."

"వాళ్ళకు గూడ గిట్ల అయితదా?"

జవాబు చెప్పే పిల్లకు వేరే జవాబుల గురించి చెప్పొద్దని ట్రైనింగ్‌ల చెప్పిండ్రు. అయినా "అయితది. గందుకే అడుగుతున్నం" అన్న. పిల్ల మొఖంల ఏదో తేలికైనట్టు అనిపించింది. నేను ట్యాబ్ బంద్ చేసిన.

మొదట అన్న ప్రకారం, ఇది నేను చెప్పక తప్పదని పిల్లకు చెప్పిన. ముందుగాల ఎవరికి చెప్తె నీకు భయముండదు అని అడిగిన. "అమ్మకే. కానీ మీరు గూడ ఉండాలె" అన్నది.

కిందున్న తల్లిని పైకి పిలిచినం. ఆమె చేతుల దారం ముక్కతోటే వచ్చింది. పిల్ల నా దిక్కు చూసింది, నేనే చెప్పిన. ఫోటో మాట, బెదిరింపు మాట, నంబరు మారి మారి వచ్చుడు. నేను చెప్పుడు అయినంక ఆమె అక్కడనే గోడకానుకొని కూసున్నది.

"గా మెసేజ్‌లు నాకనుకున్న" అన్నది.

మాకు అర్థం కాలేదు. తర్వాత మెల్లగ చెప్పింది. ఆ మెసేజ్‌లు ఆమెకు గూడ కనవడ్డయి. నీ ఫోటో నా దగ్గరున్నది, ఇంట్ల చెప్పాల్నా అని ఇంగ్లీషు అక్షరాల తెలుగుల వచ్చినయి. చుట్టాల పెండ్లిల దిగిన ఫోటోను ఆమె స్టేటస్‌ల పెట్టుకున్నదట. ఎవడో దాన్నే ఏమన్న చేసిండని భయపడ్డది. మొగనికి చెప్తె ఏమంటడో అని చెప్పలేదు. బిడ్డ చూస్తదని వచ్చినవి వచ్చినట్టు డిలీట్ చేసింది.

తల్లి బిడ్డను చూసి చేతులు జాపింది. పిల్ల పోయి తల్లి ఒళ్ళె మొఖం దాచుకున్నది. "నాకు చెప్పకపోతివి గదనే" అన్నది తల్లి. "నువ్వు గూడ చెప్పలే గదా అమ్మా" అన్నది పిల్ల ఏడ్చుకుంటనే. అప్పుడు ఆ తల్లికి నవ్వచ్చింది. నేను ఆరేసిన బట్టల దిక్కు చూసుకుంట నిలవడ్డ. అసుంటప్పుడు ఏం చేయాల్నో కూడ ట్రైనింగ్‌ల చెప్పిండ్రు, కానీ దాంట్ల ఏదీ అక్కడ అక్కరకు రాలేదు.

మేడంకు ఫోన్ చేసిన. ఇగ నుంచి వచ్చే మెసేజ్ ఒక్కటి గూడ డిలీట్ చేయొద్దు, జవాబు ఇయ్యొద్దు అని చెప్పింది. మరుసటి రోజు తనే వచ్చి వాళ్ళిద్దరిని పోలీసుల దగ్గర ఆడోళ్ళ కోసం పెట్టిన ఆఫీసుకు తీస్కపోయింది. అక్కడ ఒక లేడీ ఆఫీసర్ పిల్లను ఏం తప్పుపట్టకుంట అన్నీ రాసుకున్నది. మెసేజ్‌లు కొన్నాళ్ళకు ఆగిపోయినయి. వాడెవడో దొరికిండని మేడం చెప్పింది. ఎవడు, ఎక్కడోడు అని నేను అడుగలేదు.

తండ్రికి ఆ తల్లే చెప్పింది. ఆయన మొదలు లొల్లి చేసిండట. ఫోన్ పగులగొడ్తనన్నడట. "పగులగొడ్తె ఆఫీసరమ్మకు ఏం చూపిస్తవు" అని ఆమె అన్నదట. ఆ మాటకు ఊకున్నడు. బడి బంద్ కాలేదు.

నడుమ తల్లి వచ్చి కూసున్నది కాబట్టి ఆ ఇంటి జవాబులు లెక్కల్ల చేరలేదు. పెద్దోళ్ళ ముందట చెప్పింది చెల్లదు, అన్ని దేశాల్ల అదే రూలు. నేను కొంచెం గునిసిన. మేడం రూలు మార్చలేదు గనీ, పిల్ల వాడే ఫోన్‌ను ఇంట్ల ఇంకెవరెవరు వాడుతరు అనే ప్రశ్న పైకి రాసి పంపింది. తర్వాతి సారికి దాన్ని చేరుస్తమని జవాబొచ్చింది.

కొన్ని రోజులకు అదే గల్లీల ఇంకో ఇంటికి పోయిన. ఆ ఇంటామె చాయ్ ఇచ్చుకుంట, "మీరు ఫోన్ల సంగతి అడిగే మేడమే గదా" అన్నది. అవునన్న.

"ఖరాబ్ మెసేజ్ వస్తే డిలీట్ చేయొద్దట గదా. మిషన్ కుట్టే ఆమె చెప్పింది. వాళ్ళ చుట్టాలల్ల ఎవరికో అయ్యిందట" అన్నది.

"ఔను, చేయొద్దు" అన్న నేను. ఆమె "ఇటు రా, మేడంకు అన్నీ చెప్పు" అని తన బిడ్డను పిలిచింది.